అన్నీ హెల్దీగానే తింటున్నా, రిపోర్టులు ఎందుకు ఇలా వచ్చాయి?

కేపీహెచ్‌బీ_వాకర్

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. నాకు 39, సాఫ్ట్‌వేర్, రోజంతా కుర్చీలోనే. పోయినేడాది మా బాబాయికి స్టెంట్ వేశాక భయం పట్టుకుని మొత్తం మారిపోయాను, సిగరెట్ లేదు, మందు లేదు, బిర్యానీ నెలకోసారి, బయట టిఫిన్లు బంద్, రాత్రి అన్నం బంద్, ఇంట్లో పంచదార డబ్బానే తీసేశాం. ఇంత చేసి మొన్న హెల్త్ చెకప్‌కి వెళ్తే వెయిట్ 79 నుంచి 81, హెచ్‌బీఏ1సి (మూడు నెలల షుగర్ సగటు) 5.6 ఉండేది 5.9 అయింది, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 148 నుంచి 212, హిమోగ్లోబిన్ 12.1, బి12 అయితే 148 అట. రిపోర్ట్ నిండా ఎర్ర అంకెలే. మా ఆవిడ దాన్ని ఒకసారి చూసి మడిచి ఫ్రిజ్ మీద పెట్టేసింది, ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

రోజూ ఏం తింటానో రాస్తున్నా, ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి.

పొద్దున 5:30కి గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ, రెండు పెద్ద స్పూన్ల తేనె, అసలైన అడవి తేనే, తెలిసినవాళ్లు తెచ్చిస్తారు. 40 నిమిషాలు వాకింగ్. అయ్యాక పార్కు గేటు దగ్గర స్టీలు క్యాన్లలో పెట్టుకుని అమ్మే ఆయన దగ్గర ఒక గ్రీన్ జ్యూస్, ఒకరోజు పాలకూర ఒకరోజు కీరా ఒకరోజు సొరకాయ. ఇంటికొచ్చి నానబెట్టిన బాదం 15, వాల్‌నట్స్ 5, ఖర్జూరాలు 4. తొమ్మిదింటికి రాగి జావ బెల్లం వేసి పెద్ద గ్లాసు, లేకపోతే కొర్ర దోసెలు నాలుగు పల్లీ చట్నీతో. ఆఫీసులో గ్రీన్ టీ మూడు నాలుగు సార్లు, భోజనం అవగానే ఒకటి కంపల్సరీ, మధ్యలో ఆకలేస్తే మల్టీగ్రెయిన్ బిస్కెట్లు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు రెండు, కూర, చిన్న కప్పు పప్పు, పల్చటి మజ్జిగ. సాయంత్రం ఏబీసీ జ్యూస్, అదే యాపిల్ బీట్‌రూట్ క్యారెట్. రాత్రి చపాతీలు మూడు. నూనె గానుగదే, ఉప్పు పింక్ సాల్టే. పాలు, గుడ్లు ఎనిమిది నెలల క్రితం ఏదో వీడియో చూసి మానేశా, నాన్‌వెజ్ మా ఇంట్లో ఎలాగూ అంతంతమాత్రమే.

ఇందులో చెడ్డది ఏముందో నాకైతే కనబడట్లేదు. టీమ్‌లో మా పక్క సీటువాడు రోజూ సమోసా తింటాడు, వాడి రిపోర్ట్ నా దానికన్నా క్లీన్.

ఊరగాయ_ప్రియుడు

బ్రో మా తాత రోజూ గడ్డపెరుగులో ఆవకాయ నంజుకుని 91 ఏళ్లు బతికాడు, ఏ కొర్రలూ తెలీవు ఆయనకి. హాయిగా అన్నం తిను. రిపోర్టులు చూడటం మానెయ్, అన్నీ నార్మల్ అయిపోతాయి 😄

తార్నాక_అక్క

నేను హాస్పిటల్లో డైటీషియన్‌ని, పద్నాలుగేళ్లయింది. మీలాంటి కేసులు వారానికి ఐదారు చూస్తాను. పిజ్జాలు తిని వచ్చేవాళ్లతో ఈజీ, తప్పు చేస్తున్నామని వాళ్లకే తెలుసు, రెండు మాటలంటే వింటారు. మీలాంటి వాళ్లు మాత్రం లిస్టు రాసుకొచ్చి మేడమ్ ఇందులో తప్పేంటో చూపించండి అంటారు.

చూపిస్తా. మీ లిస్టులో చెడ్డ వస్తువు లేదు, నిజమే. కానీ మీరు కొన్ని తీసేసినా, మంచిది అని విన్న ప్రతిదాన్నీ ఉన్నదాని పైన కలుపుతూ పోయారు. లెక్క వేద్దాం. తేనె రెండు పెద్ద స్పూన్లు 120 క్యాలరీలు. బాదం 15 అంటే ఒక 110, వాల్‌నట్స్ ఇంకో 130, ఖర్జూరాలు నాలుగు దాదాపు 100. ఏబీసీ జ్యూస్ ఇంకో 120. ఇంకా టిఫిన్ దగ్గరికి రాలేదు, భోజనం దగ్గరికి రాలేదు, ఇప్పటికే 580. దోసెల రోజు చట్నీలో మీ వంతు పల్లీలు గుప్పెడు, 30 గ్రాములే అనుకున్నా 170, తాలింపు నూనె వేరే. మీరు 40 నిమిషాలు నడిస్తే మీ బరువుకి మహా అయితే 180 ఖర్చవుతాయి. అదీ సంగతి. బాదం మంచిదే, ఎవరూ కాదనరు, కానీ బాదం కూడా వంద గ్రాములు 600 క్యాలరీలు, మంచిది కదా అని ఒళ్లు దాన్ని లెక్కలో వదిలేయదు.

తేనె, బెల్లం, ఖర్జూరం గురించి ఒక్క మాట. పంచదార డబ్బా తీసేశాం అన్నారు, తీసేయలేదండీ, పేరు మార్చారు. బెల్లంలో ఐరన్ ఉంటుందంటారు, ఉంటుంది, కానీ మీరు వేసుకునే రెండు స్పూన్లలో ఉండేది లెక్కలోకి రాదు, దానికోసం తినే చక్కెర మాత్రం ఖచ్చితంగా లెక్కలోకి వస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ పెరిగాయంటే నేను ముందు నూనె అడగను, తీపి ఎంత, జ్యూసులు ఎన్ని, మందు ఉందా అని అడుగుతా. యాపిల్ కొరికి తింటే ఒకటి తిని ఆపేస్తారు. జ్యూస్ చేస్తే రెండు పడతాయి, పీచంతా వడకట్టులో పోతుంది, గ్లాసు ఒక్క నిమిషంలో ఖాళీ.

రాగి జావ కూడా అంతే. రాగిలో కాల్షియం బ్రహ్మాండంగా ఉంటుంది, వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల పైనే, మన ధాన్యాల్లో దానికి సాటి లేదు. కానీ మెత్తటి పిండి పట్టించి, బాగా ఉడికించి, పల్చగా కాచి, బెల్లం కలిపి తాగితే నమలాల్సిన పనే లేదు, షుగర్ గబుక్కున లేస్తుంది. షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్లు రాగి సంగటి తినండి, నంజుకోడానికి పప్పో ఆకుకూరో పెట్టుకోండి. జావే కావాలంటే బెల్లం లేకుండా మజ్జిగ పోసి చిన్న గ్లాసు చాలు.

ఇప్పుడు ప్రోటీన్. ఇది అసలు గొడవ. ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) చెప్పేది రోజుకి కేజీ బరువుకి 0.83 గ్రాములు, మీకు 67 దాకా కావాలి. జొన్నరొట్టెలు 10, ఆ చిన్న కప్పు పప్పు 5, మజ్జిగ 3, చపాతీలు 10, నట్స్ 7, పల్లీలు 7, అదీ ఇదీ ఇంకో రెండు. 44 వచ్చింది. రోజూ ఇరవై గ్రాములు తక్కువ. గుడ్లు పాలు ఉన్నన్నాళ్లు ఆ గ్యాప్ వాటితోనే నిండింది, అవి మానేసి వాటి బదులు ఏం పెట్టారో లిస్టులో నాకు కనబడలేదు.

బి12 సంగతి కూడా అక్కడే ఉంది. అది మొక్కల్లో దొరకదు, పాలు పెరుగు గుడ్డు చేప మాంసం, అంతే, ఏ మిల్లెట్‌లోనూ ఏ ఆకులోనూ లేదు. మామూలుగా బి12 నిల్వలు లివర్‌లో ఏళ్లకి సరిపడా ఉంటాయి కాబట్టి మీది ఎనిమిది నెలల్లో పడింది కాదు, ముందే తక్కువ ఉండి ఉంటుంది, ఇప్పుడు బయటపడింది. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు ఏమైనా ఉన్నాయా? మీరు పాలకూరతో సరిచేసుకుంటా అని కూర్చోకండి, ఫిజీషియన్‌ని కలవండి, ఇంజెక్షనా మాత్రా వాళ్లు చెప్తారు. మగవాళ్లకి హిమోగ్లోబిన్ 13 ఉండాలి, 12.1 ఎందుకుందో కూడా వాళ్లే చూడాలి, అన్నిసార్లూ తిండి వల్లే కాదు.

భోజనం అవగానే గ్రీన్ టీ అన్నారు చూడండి, అది ఆపేయండి. టీలో ఉండేవి అన్నంలో కూరలో ఉన్న ఐరన్‌ని పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. గంటా గంటన్నర గ్యాప్ ఇవ్వండి. తేనెనీళ్లలో పిండే ఆ నిమ్మకాయని మధ్యాహ్నం పప్పు మీద పిండుకోండి, అక్కడ దానికి పనుంది, ఐరన్ ఒంటికి పట్టడానికి సాయపడుతుంది.

ఇంకోటి, ఐరన్ గానీ బి12 గానీ తక్కువైన రక్తహీనతలో హెచ్‌బీఏ1సి ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించొచ్చు. అందుకని ఆ 5.9 చూసి ఇప్పుడే కంగారు పడకండి, ఇవి సరిచేసుకుని మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి.

పాలమూరు_పోరడు

అక్క చెప్పింది కరెక్ట్ ఉంది. అన్నా మాది పాలమూరు సైడు, పిండి గిర్ని ఉంది మాకు, ఇప్పుడు కొర్రలు సామలు కూడా పడుతున్నం. ఒక ముచ్చట చెప్త విను. సిటీ నుంచి కార్లల్ల వచ్చి కొర్రలు తీస్కపోతరు, తెల్లగ ఉండాలె, తొందరగ ఉడకాలె, తవుడు కనిపించొద్దు అంటరు. మరి తెల్లగ కావాలంటె పాలిష్ గట్టిగ పట్టాలె కద, అప్పుడు పీచు, పోషకాలు అన్నీ తవుడుల పోయి బర్లకు పోతయి, మీరు తినేది బియ్యం అసుంటిదే, రేటు మాత్రం మూడింతలు. పట్టని కొర్రలు జర ముదురు పసుపు ఉంటయి, రాత్రి నానపెట్టాలె, నీళ్లు ఎక్కువ తాగుతయి, వండనీకి టైం పడ్తది. బర్లు మాత్రం మంచిగున్నయి మా ఊర్ల 😀

ఇంకోటి, మా నాయనమ్మ జొన్నరొట్టెనే తింటుండె, నిజమే. ఏం పెట్టుకుంటుండె? ఒక రొట్టె మీద గట్టి పప్పు, పుంటికూర, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తొక్కు, సల్ల. తిని మళ్ల సందెదాంక శేన్ల పని. నువ్వు ఆ రొట్టె ఒక్కటే పట్టుకొచ్చినవ్, పప్పు అక్కడనే ఇడిశిపెట్టినవ్, శేను గూడ ఇడిశిపెట్టినవ్. మా దిక్కు రెండు రూపాయల బియ్యం వచ్చినంక, అదే 1983ల ఎన్టీఆర్ పెట్టిండు కద, జొన్నలు పేదోళ్ల తిండి అని మెల్లగ అందరు ఇడిశిర్రు, ఇప్పుడు అదే జొన్న సిటీల పెద్దోళ్ల తిండి అయింది. ఏం జమానా అన్నా.

తార్నాక_అక్క

తమ్ముడు చెప్పిన పప్పు సంగతి మీద ఒకటి చెప్పాలి, మా ఇంటి పక్కనే ఎన్‌ఐఎన్ కాబట్టి ఈ కథలు వింటూ పెరిగాను. ఆ సంస్థ 1918లో కూనూరులో మొదలైంది, బెరిబెరి (బి1 విటమిన్ తక్కువైతే వచ్చే జబ్బు) మీద పరిశోధనకి, 1958లో హైదరాబాద్ వచ్చింది. 1960ల్లో ఇక్కడ డాక్టర్ సి. గోపాలన్ గారి టీమ్ తెలంగాణలో జొన్నల మీదే బతికే పేదవాళ్లలో పెలాగ్రా చూసింది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చలించడం. అప్పటిదాకా పెలాగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్లకి వచ్చేది అనుకునేవారు. పెలాగ్రా వచ్చేది నియాసిన్ అనే బి3 విటమిన్ తక్కువై. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది నియాసిన్ పనికి అడ్డం పడుతుందని గోపాలన్ గారి వాదన. మీకు పెలాగ్రా వస్తుందని భయపెట్టడానికి కాదు ఇది, జొన్న చెడ్డదనీ కాదు. జొన్న ఒక్కటే ఉండి పక్కన ఇంకేమీ లేకపోతే ఒంటికి ఏమవుతుందో ఈ ఊళ్లోనే చూసి రాసి పెట్టారు అని చెప్తున్నా. ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది నా దగ్గరికి, మూడు పూటలా జొన్నరొట్టె, నంజుకోడానికి కారప్పొడి, డైటింగ్ అంట.

బెజవాడ_వంటిల్లు

అందరూ తిండి గురించి చెప్తున్నారు, ఆ గానుగ నూనెని ఎవరూ పట్టించుకోలేదేంటండీ? మా ఇంట్లో ఇదే జరిగింది. రెండేళ్ల క్రితం ప్యాకెట్ నూనె మానేసి గానుగ నూనె మొదలుపెట్టాం, వేరుశనగదీ నువ్వులదీ. కళ్లముందే ఆడించి ఇస్తారు, వాసన చూస్తే ప్రాణం లేచొస్తుంది. అప్పటిదాకా నెలకి మూడున్నర లీటర్లు వాడేదాన్ని, మా వారు ఇది మంచి నూనె కదా భయమెందుకు అనడం, పోపులో ఒక గరిటె ఎక్కువ పోయడం, ఆదివారం గారెలు, మధ్యలో పునుగులు, కట్ చేస్తే నెలకి ఐదు లీటర్లు. నలుగురం మేము. మా అమ్మాయి ఇంటర్, అది లెక్క కట్టింది, ఐదు లీటర్లంటే నాలుగున్నర కేజీలు, నలుగురికీ ముప్పై రోజులకీ పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు. ఎన్‌ఐఎన్ ప్లేట్ లెక్కలో రెండు వేల క్యాలరీల మనిషికి 27 గ్రాములే. గానుగదైనా ప్యాకెట్‌దైనా గ్రాముకి తొమ్మిది క్యాలరీలు, ఆ తొమ్మిదిలో డిస్కౌంట్ లేదు. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, నువ్వుల పొడి ఈ లెక్కలో కలపనేలేదు మళ్లీ.

ఇప్పుడు నేనేం చేస్తానంటే ఆదివారం పొద్దున 800 మిల్లీలీటర్లు ఒక సీసాలో కొలిచి పొయ్యి పక్కన పెడతా, సీసా మీద మార్కర్‌తో ఏడు గీతలు. బుధవారానికి నాలుగో గీత దాటిపోయిందంటే గురు శుక్రవారాలు పప్పుచారు, ఆవిరి కుడుములు. మొదటి నెల రోజూ గొడవే, ముఖ్యంగా వంకాయ వేపుడు దగ్గర. గరిటెతో వంచడం మానేసి చిన్న స్పూనుతో వేస్తుంటే తెలిసింది, నేను అలవాటుగా ఒక్క పోపులో వేసేది ఏడు స్పూన్లు!

కేపీహెచ్‌బీ_వాకర్

అమ్మో. చదువుతుంటే చెమటలు పడుతున్నాయి. అక్కా, తిమ్మిర్లు ఉన్నాయి, ఎడమ కాలు, రోజంతా కూర్చోవడం వల్ల అనుకున్నా. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

బిస్కెట్ ప్యాకెట్ ఇప్పుడే తిప్పి చూశా, ముందువైపు పెద్దగా గోధుమ కంకి బొమ్మ, ఐదు ధాన్యాలు అని, వెనక మొదటి పదార్థమే రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అని ఉంది. అంటే మైదానే కదా? రెండోది షుగర్. రాగి ఎక్కడో చివర్లో రెండు శాతం. ఏడాదిగా ఇదే తింటున్నా.

సొరకాయ జ్యూస్, పింక్ సాల్ట్ సంగతి కూడా చెప్పేయండి, ఒకేసారి దులిపేసుకుంటా.

తార్నాక_అక్క

మైదానే. ఏది ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలనేది రూల్, కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే ఆ ప్యాకెట్ కథ మొత్తం తెలిసిపోతుంది.

సొరకాయ జ్యూస్ మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. కూర వండుకున్న సొరకాయతో భయం లేదు, చేదు తగిలితే ఎలాగూ ఎవరూ తినరు. పచ్చి జ్యూస్‌లో ఒక్కోసారి చేదు కాయ పడుతుంది, అందులో కుకుర్బిటాసిన్స్ అని చేదు విషాలు ఉంటాయి, వాంతులు, రక్తం పడటం, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది, మన దేశంలో ప్రాణాలు పోయాయి కూడా. ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) దీనికోసం ప్రత్యేకంగా కమిటీ వేసింది, చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా తాగొద్దు, వేరే జ్యూసుల్లో కలపొద్దు అని చెప్పింది. మీ పార్కు ఆయన ఏం చేస్తాడు? సొరకాయలో ఉసిరి, అల్లం, నిమ్మ కలిపి ఇస్తాడు, ఇంక చేదు మీకేం తెలుస్తుంది? పైగా ఆరోగ్యానికి చేదు మంచిదని మనవాళ్లు కళ్లు మూసుకుని తాగేస్తారు. పాలకూర పచ్చి జ్యూస్ రోజూ వద్దు, ఆక్సలేట్లు, అంటే రాళ్లు కట్టే పదార్థాలు ఎక్కువ, కిడ్నీలో రాళ్లు వచ్చే ఒళ్లయితే అసలే వద్దు. పప్పులో వేసుకోండి పాలకూర.

పింక్ సాల్ట్ కూడా సోడియమే, దానిలో ఉన్నాయనే ఖనిజాలు మనం వేసుకునే కాస్త ఉప్పులో ఎంత వస్తాయి చెప్పండి? కానీ మామూలు ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ కలుపుతారు, మీ దగ్గరికి వచ్చేసరికి 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) ఉండి తీరాలి, పింక్ సాల్ట్‌లో చాలావాటిలో అది కలపరు. పాలు గుడ్లు మానేసి, చేప తినకుండా, ఉప్పు కూడా మార్చేస్తే అయోడిన్ ఎక్కడినుంచి వస్తుంది? సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని ఇంకోటి అమ్ముతారు, అందులో పొటాషియం ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లకి మంచిదే గానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. మీ బాబాయి ఇంట్లో ఏది వాడుతున్నారో ఒకసారి అడగండి.

డాలస్_అమ్మాయి

నేను రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. తిండి సంగతి ఓకే, మాత్రల సంగతి కూడా చూసుకోండి. పోయినేడాది మా అమ్మకి విటమిన్ డి తక్కువుంటే ఇండియాలో డాక్టర్ 60 వేల యూనిట్ల సాచెట్లు రాశారు, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. అమ్మకి మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గేసరికి విటమినే కదా ఏమవుతుందిలే అని రోజూ ఒకటి పాలల్లో కలుపుకుని తాగడం మొదలుపెట్టింది, మెడికల్ షాపులో చీటీ అడగరు కదా, డబ్బాలు డబ్బాలు తెచ్చుకుంది. రెండు నెలలు. నేను వీడియో కాల్ చేస్తే ఎప్పుడు చూసినా నీళ్ల చెంబు చేతిలోనే, దాహం దాహం అంటుంది, అన్నం సయించదు, మలబద్ధకం, ఉన్నట్టుండి ఒకరోజు మా అన్నయ్యని పట్టుకుని నువ్వెవరు అంది. హాస్పిటల్లో చూస్తే రక్తంలో కాల్షియం 12.8, పదిన్నర దాటకూడదు. ఐదు రోజులు సెలైన్లు. మంచం కింద అట్టపెట్టెలో ఖాళీ సాచెట్లు దొరికేదాకా ఎవరికీ అర్థం కాలేదు. బి12 ఎక్కువైతే చాలావరకు యూరిన్‌లో పోతుంది, డి అలా పోదు, ఒంట్లో కొవ్వులో పేరుకుంటుంది.

ఇంకో చిన్నది. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు థైరాయిడ్ టెస్టుకి వెళ్లేముందు రెండు రోజులు ఆపండి, లేదా కనీసం డాక్టర్‌కి చెప్పండి. కొన్ని మెషీన్లలో రిజల్ట్ తప్పు వస్తుంది. నాకు లేని థైరాయిడ్ ఉందన్నారు, నెల రోజులు ఏడ్చాను.

ఊరగాయ_ప్రియుడు

సరే నేను జోక్ చేశా గానీ ఇప్పుడు సీరియస్‌గా అడుగుతున్నా, జిమ్‌కి వెళ్లేవాళ్లు రోజూ ఎనిమిది గుడ్ల తెల్లసొన తిని పచ్చసొన డస్ట్‌బిన్‌లో వేస్తారు కదా, అదైనా కరెక్టేనా? మా రూమ్మేట్ చేసే పని ఇదే, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

తార్నాక_అక్క

తరుక్కుపోవాల్సిందే. గుడ్డులో ఉన్న ఆరు గ్రాముల ప్రోటీన్‌లో రెండున్నర పైనే పచ్చసొనలో ఉంటుంది, బి12, డి, ఎ విటమిన్లు దాదాపు అన్నీ దానిలోనే. అది పారేసి సాయంత్రం మల్టీవిటమిన్ మాత్ర మింగుతారు. రోజుకి ఒక గుడ్డు చాలామందికి పూర్తిగా తినొచ్చు, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు వాళ్ల డాక్టర్‌ని అడగాలి.

కేపీహెచ్‌బీ_వాకర్

అక్కా, మరి ప్రోటీన్ పౌడర్ కొనేయనా? ఆఫీసులో అందరూ అదే అంటున్నారు. రాత్రి అన్నం తినొచ్చా తినకూడదా అది కూడా చెప్పండి, ఏడాదిగా అన్నం కోసం మొహం వాచిపోయున్నా.

తార్నాక_అక్క

2024 మేలో ఎన్‌ఐఎన్ కొత్త గైడ్‌లైన్స్‌లో కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. నేను అంత కచ్చితంగా అనను, కొంతమందికి అవసరం పడుతుంది, కానీ మీకు తక్కువైంది ఇరవై గ్రాములు, దానికి మూడు వేల డబ్బా ఎందుకు? గుడ్లు మళ్లీ మొదలుపెడితే రెండు గుడ్లకి 12. మజ్జిగ బదులు ఒక కప్పు గట్టి పెరుగు. పప్పు రెండింతలు చేయండి, పప్పు అంటే పప్పు, పప్పుచారు కాదు, చారులో గరిటె తిప్పితే కింద నాలుగు పలుకులు తేలతాయి, అది ప్రోటీన్ అని చెప్పుకుంటారు మా పేషెంట్లు. ఉలవచారు కూడా అంతే, ఉడికిన ఉలవలు పశువులకి పెట్టి ఆ నీళ్లు మనం తాగుతాం. గుగ్గిళ్లు తినండి. వారానికి రెండుసార్లు మీల్‌మేకర్, 50 గ్రాములు ఎండువి నానబెడితే 26 గ్రాముల ప్రోటీన్, ధర చూస్తే నవ్వొస్తుంది.

అన్నం తినండి నాయనా. మూడు చపాతీలంటే 90 గ్రాముల పిండి, 300 క్యాలరీల పైనే, ఒక్కోదానికి స్పూను నూనె రాస్తే 430 దాటుతుంది. కప్పున్నర అన్నం కూడా ఆ మూడు వందలే. చపాతీ వల్ల సన్నబడిన మనిషిని నేను చూడలేదు, చపాతీ లెక్క పెట్టుకుని తింటారు, అన్నం లెక్క పెట్టరు, తేడా అక్కడుంది. ఒక కప్పు కొలిచి పెట్టుకోండి, కూర రెండు కప్పులు, పప్పో పెరుగో ఒక కప్పు. బాదం 15 నుంచి 8 చేయండి, వాల్‌నట్స్ రెండు. తేనె, ఏబీసీ, పార్కు జ్యూస్ కట్. పండు కొరికి తినండి.

కేపీహెచ్‌బీ_వాకర్

అప్‌డేట్. మూడున్నర నెలలైంది, కొంతమంది మెసేజ్‌లు పెట్టి అడిగారు కాబట్టి రాస్తున్నా. బి12కి ముందు ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇచ్చారు, ఇప్పుడు 412. ఐరన్ కూడా తక్కువుంది అని టాబ్లెట్ రాశారు, హిమోగ్లోబిన్ 12.9, ఇంకా పూర్తిగా ఎక్కలేదు. హెచ్‌బీఏ1సి 5.6, ట్రైగ్లిజరైడ్స్ 161, వెయిట్ 77.8. తిమ్మిర్లు దాదాపు పోయాయి, రాత్రిపూట ఎప్పుడైనా ఒకసారి. రోజూ రాత్రి అన్నమే తింటున్నా, కొలిచి. మా ఆవిడ వంటింటి త్రాసు కొంది, మొదట్లో నన్ను ఏడిపించడానికి, ఇప్పుడు చట్నీకి పల్లీలు దాంట్లోనే తూస్తోంది. నూనె సీసా మీద గీతలు మాత్రం మాతో అవ్వలేదు బెజవాడ అక్కా, రెండో వారానికే ఎవరో తుడిచేశారు, మా అమ్మ మీద అనుమానం.

బాబాయికి ఫోన్ చేసి ఉప్పు అడిగా. ఆ పొటాషియం ఉప్పే వాడుతున్నాడు, ఎవరో చెప్తే. వాళ్ల డాక్టర్ మాత్రల చీటీ చూసి వెంటనే మాన్పించారు. అక్కా, దీనికి మాత్రం థాంక్స్ అనే మాట సరిపోదు.

జ్యూస్ ఆయన రోజూ పిలుస్తాడు సార్ మీరు రావట్లేదేంటని. మొహమాటానికి ఆయన దగ్గరే రెండు జామకాయలు కొంటున్నా.

పాలమూరు_పోరడు

సూపర్ అన్నా. ఆదివారం సిటీకి వస్తున్న, పట్టని కొర్రలు, మంచి తెల్లజొన్న పిండి తెస్తున్న, నీకు పది కిలోలు పెట్టాల్నా?

కేపీహెచ్‌బీ_వాకర్

రెండు కిలోలు చాలు తమ్ముడూ. కందిపప్పు ఉంటే ఒక ఐదు కిలోలు పెట్టు.